ఫైరింజను దారి

మున్సిపాలిటీ క్రేను గేటు దగ్గర ఆగేసరికి గంగాభవాని చేతిలో జంతికల గొట్టం అలాగే ఆగిపోయింది. ఫోను చేసింది పొద్దున్నే. వాళ్ళు అదే రోజు వస్తారని కలలో కూడా అనుకోలేదు. వాళ్ళ ఆలస్యం మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

స్టవ్వు కట్టేసి, బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక నిలబడి కిందకి చూసింది.

అపార్టుమెంటు పక్కనుంచి వెనక్కి వెళ్ళే సన్నటి దారి అది. ‘ఫైరింజను దారి. వాహనములు నిలుపరాదు’ అని గోడమీద ఎర్ర అక్షరాలున్నాయి. ఆ అక్షరాలకి సరిగ్గా కిందే తెల్లకారుంది.

వెనక గోడకి అవతల కొబ్బరిపీచు యార్డు. పోయిన శుక్రవారం అక్కడ పీచుగుట్టకి నిప్పంటుకుంది. ఫైరింజను వచ్చి, ఈ కారు వెనక గంట కొట్టుకుంటూ నిలబడిపోయింది. యార్డు కూలీలు బిందెలతో పరిగెత్తబట్టి సరిపోయింది. ఆ గోడ పక్క గదిలోనే, పక్షవాతంతో మంచం దిగలేని యేసురత్నంగారు ఉంటారు. పొగకి ఆయన దగ్గిన దగ్గు గంగాభవాని చెవుల్లోంచి ఇంకా పోలేదు. గాలి ఇటు తిరిగుంటే ఆయన్ని మంచంతో సహా ఎవరు మోస్తారు?

అలాగని కారాయనకి చెప్పేదెవరు?

ఆయన ఈ అపార్టుమెంటులో దిగి మూడు వారాలైంది. సెల్లారులో పెడితే స్తంభాలకి గీసుకుంటుందని మొదటిరోజే కారు ఇక్కడ పెట్టేశారు. వాచ్‌మన్ సత్తియ్య చెబుదామని వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, కారు తుడిచి వచ్చాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు సత్యదుర్గారావు ఎవరి చెప్పులు మెట్లమీద కనిపించినా కేకలేసే మనిషి. ఆయనా మెత్తబడిపోయాడు.

“పోన్లెండి పిన్నిగారూ. ఆయన్ని మనవేవంటావండీ, బాగోదు” అన్నాడు.

గంగాభవాని భర్త బాబూరావైతే, ఆ ఊసెత్తితే తను ఇల్లు వదిలిపోతానన్నాడు.

చివరికి తనే చెబుదామని బయల్దేరింది. ఎమ్మే చదివింది. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలిచింది. తీరా ఆయన ఎదురుపడేసరికి పమిట భుజంచుట్టూ కప్పుకుని గోడవారకి తప్పుకుంది. ఇంకోసారి ధైర్యమంతా కూడగట్టుకుని, “ఎండలు ముదిరేయండి” అంది. ఆయన అవునన్నారు. సంభాషణ అయిపోయింది.

దారికడ్డంగా పూలకుండీలు కూడా పెట్టించి చూసింది. ఎవరో దారిలో కుండీలు మరిచిపోయేరని ఆయన పాపం నొచ్చుకుని, వాటిని స్వయంగా పక్కకి మోసి, కారు పెట్టుకున్నారు.

అందుకే ఆ ఫోను. పేరు చెప్పలేదు.

కింద ఇన్‌స్పెక్టరు కారుచుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు.

“ఎవరిదయ్యా ఇది?”

సత్తియ్య తలెత్తి గంగాభవాని బాల్కనీ వైపు చూశాడు. ఆవిడ దుప్పటి వెనక ఇంకాస్త ముడుచుకుపోయింది.

“నాకు తెలవదండి” అన్నాడు సత్తియ్య.

“కంప్లైంటు చేసినావిడ ఇక్కడే కదా ఉంటారు, ఏరీ?”

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఫోను తీసి, పొద్దున్న వచ్చిన నంబరు నొక్కాడు.

హాల్లో గంగాభవాని ఫోను నాదస్వరం ఎత్తుకుంది.

ఆవిడ పరిగెత్తింది. పమిటలో చుట్టినా మోత ఆగలేదు. ఎక్కడ నొక్కాలో కంగారులో తెలియక, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో కూరి మూత పెట్టి, మూతమీద చెయ్యి పెట్టి నిలబడింది. తనే ఫోను చేసిందని ఆయనకి తెలిస్తే ఒక్క మాట కూడా అనరు. నొచ్చుకుంటారు. ఆ నొప్పి తిరిగి తిరిగి ఎక్కడ తేలుతుందో ఆవిడకి బాగా తెలుసు.

నాదస్వరం ఆగింది. చెవులు రిక్కించింది. ఎక్కడా తలుపు చప్పుడు కాలేదు.

బాల్కనీలోకి వచ్చేసరికి క్రేను గొలుసులు తగిలించేస్తున్నారు. ముందు చక్రాలు లేచాయి. అంతే, కారు ఊరంతా వినపడేలా కూయడం మొదలెట్టింది. బాల్కనీలన్నీ జనంతో నిండిపోయాయి. మధ్యాహ్నం భోజనం కాగానే ఏసీ వేసుకుని పడుకుంటే ఆయన సాయంత్రం దాకా లేవరని అందరికీ తెలుసు. ఇవాళ లేస్తే?

సత్యదుర్గారావు లుంగీ సర్దుకుంటూ దిగొచ్చాడు. పెద్దవాళ్ళతో వ్యవహారమని, ఓ రెండ్రోజులు ఆగమని బతిమాలాడు.

“శుక్రవారం ఫైరింజను ఇక్కడే నిలబడిపోయిందంటండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “లోపల మంచం దిగలేని మనిషున్నారంట. ఇంకోసారి నిలబడితే జవాబు మీరు చెప్తారా?”

ప్రెసిడెంటు కూడా ఒకసారి పైకి చూశాడు.

“ఆయ్. తీసుకెళ్ళండి” అన్నాడు.

కారు కూస్తూనే గేటు దాటింది. మలుపు తిరిగింది. కూత సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. దారి వెనక గోడదాకా ఖాళీగా కనిపించింది. చివర్న యేసురత్నంగారి భార్య కిటికీ తెరిచి, తల బయటపెట్టి, నమ్మలేనట్టు అటూ ఇటూ చూసింది.

గంగాభవాని ఫోను మీది బియ్యపుగింజలు దులిపింది. మున్సిపాలిటీ నంబరు చెరిపేసింది. ఫిల్టరు కాఫీ కలిపింది. అద్దంలో చూసుకుని ముఖానికి కావలసినంత కంగారు తెచ్చుకుంది.

ఆ తరవాత ఏసీ గది తలుపు మెల్లగా తట్టి, “అల్లుడుగారూ, ఓసారి లేవండి బాబూ, మీ కారు మున్సిపాలిటీవాళ్ళెవరో పట్టుకుపోయేరంటండి” అంది.