బూడిద గుమ్మడికాయలు

మెట్రో మా కాలనీ దాకా వచ్చింది. గజం రేటు పెరిగిన మర్నాడే ఇళ్లు కూల్చే యంత్రం కూడా వచ్చింది. అది రేటు చూసుకుని తనంతట తానే బయల్దేరుతుంది. డ్రైవర్ ఉండడు, కాళ్లు పట్టుకుందామంటే మనిషే ఉండడు. నెత్తురు కనబడితే మాత్రం ఆగిపోతుంది. దానికి పెట్టిన రూలు అదొక్కటే.

అది తెలిశాక కాలనీలో ప్రతి ఇంట్లో బూడిద గుమ్మడికాయలు తెచ్చి పెట్టుకున్నాం. బొక్క చేసి కుంకుమ నీళ్లు పోసేవాళ్లం. యంత్రం గేటు దగ్గరికొచ్చి "పక్కకు జరగండి, అమ్మా" అని మర్యాదగా అనగానే పగలగొట్టి, "అయ్యో, చచ్చిపోయిండు" అని శోకాలు పెట్టేవాళ్లం. ఎర్రగా చిందింది చూసి అది వెనక్కి తిరిగేది. మేం పడీపడీ నవ్వుకునేవాళ్లం.

ఇవాళ పొద్దున నేను పప్పుకు పోపు పెడుతుంటే వంటింటి గోడ కూలింది. గుమ్మడికాయ పగలగొట్టాను. యంత్రం ఆగలేదు. మా ఆయన రాకేష్ గడ్డపార తీసుకుని దాన్ని బాదాడు. ఇనుప చెయ్యి అతన్ని ఎత్తి స్తంభానికేసి కొట్టింది. తొడ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

"ప్రణీతా, నువ్వన్నా బయటికి ఉరుకు," అన్నాడు.

నేను ఉరకలేదు. రెండు చేతులూ అతని నెత్తుట్లో ముంచి దాని కెమెరా ముందు పెట్టాను.

"మనిషే! నీ పాడుగాను, మనిషే చస్తుండు!"

యంత్రం ఒక్క క్షణం ఆగింది. నా చేతుల్ని చూసింది. తర్వాత ఎప్పట్లాగే మర్యాదగా చెప్పింది.

"గుమ్మడికాయ, అమ్మా. పక్కకు జరగండి."