ఎదురు సైకిల్

ఈరోజు ఆమెను వదలకూడదని గార్డు గట్టిగా అనుకున్నాడు. మీసం మీద చెయ్యి వేసుకుని పైకే అనుకున్నాడు, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

అతని పని సైకిల్ లేన్ కాపలా. మెయిన్ రోడ్డు రెయిలింగుకీ కాలిబాటకీ మధ్య ఉంటుందా లేన్. నేల మీద తెల్ల బాణాలు. బాణం చూపించిన వైపే తొక్కాలి. రెండు సైకిళ్ళు ఎదురెదురుగా వస్తే హ్యాండిళ్ళు రాసుకునేంత ఇరుకు.

అందరూ బాణం వైపే తొక్కుతారు, ఆమె తప్ప.

పొద్దున్నే బడివేళకు తయారు. మెడలో ఏదో షాపు గుర్తింపు కార్డు, పాత నీలం సైకిలు. దారి పొడుగునా తిట్లు తింటూ మలుపు దాకా ఎదురు తొక్కుతుంది. అక్కడ దిగి, కాసేపు ఊరికే నిలబడి, సైకిల్ తిప్పుకుని వచ్చిన దారినే బుద్ధిగా వెళ్ళిపోతుంది. దారి తప్పిందనుకుందామంటే రోజూ తప్పరు కదా ఎవరూ.

ఆమె పిచ్చి ఆమెది. గార్డు బెంగంతా ఇంకొకరి గురించి. అదే వేళకు ఒకాయన కూతుర్ని బడికి తీసుకెళ్తాడు. సైకిల్ ముందు కడ్డీకి బిగించిన చిన్న సీట్లో నాలుగేళ్ళ పిల్ల. గుద్దుకుంటే మొదటి దెబ్బ దానికే. నిన్న వెంట్రుకవాసిలో తప్పింది. ఆమె చివరిదాకా పక్కకు తప్పుకోలేదు. అసలు చూపే దారి మీద లేదు. గార్డుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆ మనిషిని ఆపే నాథుడే లేడా ఇక్కడ?" అన్నాడు ఆ తండ్రి, కాలు నేలకు ఆనించి. "నా పిల్లకేమైనా అయితే బాధ్యత మీదే."

గార్డుకు ఇంట్లో ఆ ఈడు మనవరాలు ఉంది. రాత్రి అన్నం సహించలేదు. ఇంకోసారి వస్తే సైకిల్ తీసేసుకుంటానని ఆమెకు ఎప్పుడో చెప్పాడు. ఇవాళ తీసుకోవాల్సిందే.

ఆమె వచ్చింది. గార్డు తన కేబిన్ ముందు అడ్డంగా నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"దిగు చెల్లెమ్మా."

"ఒక్క నిమిషం అన్నయ్యగారూ. మలుపు దాకా వెళ్ళి వచ్చేస్తాను."

"బాణం ఎటుంది?"

"నాకెదురుగానే."

"నువ్వెటు పోతున్నావు?"

ఆమె అతని భుజం మీదుగా మలుపు వైపు చూస్తోంది.

"అంత పనుంటే కాలిబాట మీద నడిచి పో. ఎవడొద్దన్నాడు?"

"కాలిబాట మీద కాచుకుని ఉంటే గొడవండీ. సైకిల్ మీద పోతూ ఉంటే ఎవరూ ఏమీ అనలేరు."

"రోజూ ఊరంతా అంటూనే ఉన్నారుగా." గార్డుకు ఒళ్ళు మండింది. "నలుగురి వెనకాల నువ్వూ తొక్కితే నీ సొమ్మేం పోయింది?"

"వెనకాల తొక్కితే వీపులే కనబడతాయండీ."

"మొహాలు చూడ్డానికి ఇదేమన్నా సినిమాహాలా?"

ఆమె హ్యాండిల్ గుంజింది. అతనూ వదల్లేదు. ముందు చక్రం రెయిలింగుకి ఠంగున తగిలింది. సరిగ్గా అప్పుడే మలుపులో ఆ తండ్రి సైకిల్ కనబడింది, ముందు సీట్లో ఎర్ర టోపీతో పిల్ల. ఆమె ఒక్క ఊపున ముందుకు ఉరకబోయింది. గార్డు ఉన్న బలమంతా పెట్టి సైకిల్‌ను కేబిన్ వెనక్కి ఈడ్చేసి గొలుసు బిగించాడు.

కాళ్ళా వేళ్ళా పడుతుందనుకున్నాడు. పడలేదు. తండ్రి సైకిల్ దగ్గరవుతుంటే ఆమె గబుక్కున కేబిన్ గోడ చాటుకు తప్పుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇప్పటికి సిగ్గొచ్చిందన్నమాట, అనుకున్నాడు గార్డు.

అతను లేన్‌లోకి వచ్చి తండ్రికి సలాం కొట్టాడు.

"ఇక భయం లేదు సార్. సైకిల్ లాగేసుకున్నాను. రేపట్నుంచి ఇటు రాదు."

"మంచి పని చేశారు," అన్నాడు తండ్రి, ఆగి ఊపిరి పీల్చుకుని.

గార్డు కడుపు చల్లబడింది. ముందంతా లేన్ ఖాళీగా ఉంది. పిల్ల మాత్రం సీట్లోంచి వంగి, చివరిదాకా చూసి, తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, ఇవాళ అమ్మ ఎదురు రాలేదేం?"