ఆవలించే పులి

లోకంలో ఉన్న ఇంకొక్క పులి కూడా పోతే తప్ప తన పులికి దక్కాల్సిన గౌరవం దక్కదని పులాయన తీర్మానించుకున్నది పళ్ల డాక్టరమ్మ ముందుగదిలో, వాచిన దవడ పట్టుకుని కూర్చున్నప్పుడు.

పులి అంటే అడవిలోది కాదు, కాగితం మీదిది. నోరంతా తెరిచి ఆవలిస్తున్న పులిని ఒక చిత్రకారుడు రాగిరేకు మీద చెక్కి, సరిగ్గా ఆరంటే ఆరే ప్రతులు అచ్చు తీసి, ఆ రేకును ముక్కలు చేసి పారేశాడు. ప్రతి కాగితం అడుగునా పెన్సిల్‌తో సంతకం, పక్కన అంకె. ఊరంతా పులాయన అని పిలిచే మన పెద్దమనిషి దగ్గరున్నది 3/6. మరో నాలుగు ఒక గిడ్డంగితో పాటు తగలబడ్డాయి. ఆ వార్త విన్న రోజు ఆయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. ఇక మిగిలింది ఆరోది, 6/6. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆ పులి కోసం ముందుగదిలో కిటికీ తెర తీయనివ్వడు. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందట. అద్దం విప్పనివ్వడు, గాలి సోకితే కాగితం చెడిపోతుందట. చూడవచ్చినవాళ్లు ఆ మసక చీకట్లో, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు చికిలించి మెచ్చుకోవాలి.

అది కొన్న సొమ్ము భార్య పళ్లు కట్టించుకోవడానికి దాచుకున్నది. "ఈ వయసులో పళ్లతో ఏం పనోయ్? మెత్తటివి తిను," అన్నాడప్పుడు. ఆవిడ ఏడాది పాటు మెత్తటివే తింది. ఆ తర్వాత ఒకరోజు నోటినిండా తళతళలాడే పళ్లతో ఇంటికొచ్చింది. డాక్టరమ్మ మంచి మనిషి, పైసా అడగలేదని చెప్పింది. ఊరికే వచ్చినవాటి గురించి ఆరాలు తీసే అలవాటు పులాయనకు లేదు.

అందుకే తన దవడ వాచినప్పుడు నేరుగా అక్కడికే బయల్దేరాడు.

"అక్కడికి మీరొద్దండీ. ఆవిడ చెయ్యి కాస్త మోటు," అంది భార్య కంగారుగా.

"నీకు ఊరికే చేసింది, నాకు చెయ్యదా? ఊరుకో!"

తీరా వెళ్తే, గోడ మీద పులి!

చూడగానే నొప్పి ఎగిరిపోయింది. కిటికీ ఎదురుగా, పట్టపగటి ఎండలో వేలాడదీశారు. పైగా సంతకమూ అంకే కనపడకుండా చుట్టూ దళసరి అట్ట పెట్టి జిగురుతో అంటించేశారు. 'ఎంత పామరత్వం!' అనుకున్నాడు.

"ఆ బొమ్మ ఎక్కడిదమ్మా?" అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"ఒక పేషెంటు ఇచ్చారండీ. దాన్ని చూస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే నోరు తెరుస్తారు. ఏదీ, మీరూ తెరవండి."

అమ్ముతారా అని అడగబోయి మింగేశాడు. అడిగితే దాని విలువ తెలిసిపోదూ?

పన్ను పీకించుకుని వచ్చి, ఆ సాయంత్రమే చిత్రసేకరణ సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేశాడు.

"ఆరోది పోయిందని తేలితే, నాది ప్రపంచంలో ఒకే ఒక్కటి అని రాసిస్తారా?"

"నియమం మీకు తెలిసిందే కదా. పాడైన ప్రతిలో అంకె ఉన్న మూల ముక్క తెచ్చి చూపిస్తే జాబితాలోంచి కొట్టేస్తాం. ఆ తర్వాత మీ ఇంటికొచ్చి, అద్దం విప్పి, మీదాన్ని పరీక్షించి రాసిస్తాం."

"అయితే ఎల్లుండి రండి!"

మర్నాడు మధ్యాహ్నం పెద్ద చేతిసంచితో మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. కాస్త కదులుతున్న పన్నొకటి చూపించి, ప్రాణం తోడేస్తోందన్నాడు.

"ఇది ఇంకో నాలుగేళ్లు ఉంటుందండీ."

"నా నొప్పి మీకు తెలుసా, నాకు తెలుసా? పీకెయ్యండి!"

పీకి, దూది కరిపించి, ముందుగదిలో ఇరవై నిమిషాలు కూర్చోమంది. చీటీలు రాసే అమ్మాయి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వెళ్లిందో లేదో, పులి సంచిలోకి దిగింది. ఖాళీ అయిన మేకుకు, పళ్లు తోముకునే పద్ధతి చూపించే పటం ఎక్కింది. కళా చరిత్ర కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా అని నాలుకతో కొత్త సందు తడుముకుంటూ ఇల్లు చేరాడు.

భార్య బజారుకెళ్లింది. పెరట్లో పాత ఇనప బకెట్టు సిద్ధంగా ఉంది. అట్ట ఒలవబోయాడు కానీ జిగురు ఓ పట్టాన ఊడలేదు. అంకె ఉండే మూల పైకొచ్చేలా పట్టకారుతో బిగించి పట్టుకుని, కింది నుంచి నిప్పంటించాడు. మీసాలు, చెవులు, ఆ మహా నోరు, ఒక్కొక్కటే నల్లబడి ముడుచుకుపోయాయి. మూల ముక్క మిగలగానే నీళ్లు చల్లాడు. వేడికి జిగురు వదిలింది. అట్టను గోటితో మెల్లగా ఒలిచాడు.

అంకె చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

ఆరు కాదు. 3/6.

పట్టకారుతో సహా ఇంట్లోకి పరుగెత్తి, ఏళ్ల తర్వాత మొదటిసారి కిటికీ తెర బర్రున లాగాడు. ఎండ పడగానే గోడ మీది పులి కొత్త క్యాలెండరులా మెరిసింది.

అప్పుడే బజారు నుంచి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది. ఆయన్నీ, పట్టకారునూ, అందులో కాలగా మిగిలిన ముక్కనూ తీరిగ్గా చూసింది. సంచిలోంచి ఒక యాపిల్ తీసి, కొంగుకు తుడిచి, కరకరమని కొరికింది.

"అయ్యో, కాల్చేశారా? నా పళ్లకి ఫీజు కింద డాక్టరమ్మకి నేనిచ్చింది దాన్నే కదండీ. గోడ మీదున్నది సందు చివర కొట్లో తీయించిన కలర్ కాపీ!"