ఎనిమిదో రోజు

"మంచం మీద పిల్ల లేదు డాక్టరు గారూ! తల్లీ లేదు!"

కాంపౌండరు ఆ మాట చెప్పి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. డాక్టరు చేతిలోని గాజుపలక బల్ల మీద పెట్టాడు.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్న పిల్లకి పాలు పట్టిందట. ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు."

ఊళ్లో మూడు నెలలుగా మశూచి. రోగం సోకిన ప్రతి ఇంటి తలుపు మీదా సుద్దతో గీత గీస్తున్నారు. ఓడలో నెలల తరబడి ప్రయాణించి వచ్చిన టీకా రసిని డాక్టరు ఇరవై మంది పిల్లల చేతుల మీద గీరి అంటించాడు. దారిలోనే దాని సత్తువ పోయిందో ఏమో, పంతొమ్మిది మందికి ఏమీ కాలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మనిషి కూతురు, మూడేళ్ల చిట్టి చేతి మీద మాత్రం ముత్యమంత పొక్కు లేచింది. ఎనిమిదో రోజున ఆ పొక్కులోని రసి తీసి ఇంకో అయిదుగురికి అంటించాలి. వాళ్ల నుంచి మరికొందరికి. దేశం మొత్తానికి బతికున్న టీకా ఆ ఒక్క పొక్కులోనే ఉంది.

ఇవాళే ఎనిమిదో రోజు. రేపటికి ఎండిపోతుంది.

ముందు హాల్లో అయిదుగురు పిల్లలు సిద్ధంగా ఉన్నారు. అందరూ పెద్దింటి పిల్లలే. నెలల పసికందైన తన మనవడి కోసం నిన్న కాంపౌండరు నసిగితే, "తర్వాతి విడతలో చూద్దాంలే" అన్నాడు డాక్టరు. కాంపౌండరు పక్కింటి తలుపు మీద అప్పటికే గీత పడింది.

"పొక్కు గిల్లితే పిల్ల చచ్చిపోతుందని ఎవరో బెదరగొట్టి ఉంటారు. పద!" అంటూ డాక్టరు ఎండలోకి నడిచాడు.

ఉతికేవాళ్ల వీధి సన్నగా, చప్పుడు లేకుండా ఉంది. శవాల బండి ఒకటి ఎదురొచ్చింది. దాని మీది మూటలు ఎంత పొడవున్నాయో చూడ్డానికి కాంపౌండరుకి ధైర్యం చాల్లేదు. గోడకి అతుక్కుని తల తిప్పుకున్నాడు.

మొదటి ఇంటి ఇల్లాలు వాళ్లని చూడగానే చంకలో బిడ్డను కొంగు కింద దాచేసింది.

"చిట్టి ఇటేమైనా వచ్చిందా తల్లీ?"

"రాలేదు." తలుపు మూసుకుంది.

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో ఓ ముసలామె మనవరాలిని వెనక్కి లాక్కుని దణ్ణం పెట్టింది. "మా పిల్లల జోలికి రాకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"మనల్ని చూస్తేనే హడలిపోతున్నారు," అన్నాడు డాక్టరు.

వీధి చివర బట్టలు ఉడకబెట్టే కొట్టంలో దొరికారు. విడిచిన దుప్పట్ల గుట్ట వెనక తల్లి నక్కి కూర్చుంది. చిట్టి ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

"చెయ్యి చూపించు."

ఆమె పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది. పొక్కు చితికిపోయి ఉంది. చుట్టూ రక్తం ఎండి నల్లబడింది.

డాక్టరు ఆ తడినేల మీదే కూలబడ్డాడు. "అయిపోయింది. అంతా అయిపోయింది."

కాంపౌండరు కళ్ల ముందు మనవడి బోసినోరు మెదిలింది. "ఎంత పని చేశావమ్మా! ఇంకో ఓడ రావాలంటే ఏడాది పడుతుంది. అప్పటికి ఈ ఊళ్లో ఎవరు మిగులుతారు?"

ఆమె కూతుర్ని దగ్గరికి పొదువుకుంది. "మీరు కోప్పడతారనే దాక్కున్నాను."

"ఎవరు గిల్లారు?" అడిగాడు డాక్టరు.

"నేనే బాబూ. బట్టలు కుట్టుకునే సూదితో."

"ఎందుకు?"

ఆమె కూతురి తల నిమిరి, మెల్లగా అంది.

"మా వీధి పిల్లలు పదకొండు మందికీ అంటించేశాను."