మూడో షరతు

“ప్రతి బొంతలోనూ మీ ఆయన చొక్కా ముక్కే ఉండాలమ్మా. చెమట మరకలు కూడా కనబడాలి,” అంటూ హైదరాబాదు నుంచి వచ్చిన డిజైనరు హర్షిత కాగితంలోని మూడో షరతు చదివింది.

కోరుట్లలో పాతబట్టలతో బొంతలు కుట్టే లచ్చవ్వ చేతిలోని కత్తెర ఆగింది. రెండు వందల బొంతల బేరం. కుదిరితే బీడీలు చుట్టే చాటను అటకెక్కించవచ్చు.

“పాత చీరెలున్నయి మేడం, గవి తీసుకోరాదు?”

“చీరెల్లో కథేముంది? ఇది మా సదస్సు అతిథులకిచ్చే, పర్యావరణానికి మేలుచేసే కానుక. పైగా వలస వేదన! విప్పగానే అతిథుల కళ్లు చెమర్చాలి.”

“ఆళ్ల ఏడుపు గూడ మేమే కుట్టియ్యాల్నా? ఇంతకు ఎవలా అతిథులు?”

“దుబాయిలోని నిర్మాణ సంస్థల యజమానులు.”

లచ్చవ్వ దండెం మీది భర్త చొక్కాను తీసి, మడిచి ఒడిలో పెట్టుకుంది.

“దుబాయి దేశం పోయినోని బట్టకు కత్తెర పెట్టం మేడం. పెడితే ఇగ రాడని ఒప్పుకున్నట్టే. వస్త వస్త అనవట్టి రెండేండ్లాయె. పాస్‌పోర్టు ఆడ బిల్డింగులు కట్టిచ్చే సేటు దగ్గర్నే ఉన్నది.”

“మరి ఈ షరతు?”

“ఉండనియ్యి. గా సేటుకే చెప్పు, నా మనిషిని పంపుమను. ఆయన ఇంట్ల కాలువెట్టిన దినమే నా చేతులతోని కత్తిరిస్త.”

ఎంత చక్కని కథ అనుకుంటూ హర్షిత ఉత్సాహంగా కలం తీసింది. ‘ముడిసరుకు సమకూర్చవలసినవారు’ అన్న గడిలో ‘కానుక అందుకొనేవారు’ అని రాసింది.

రాసిన తరువాత, ఆ కాగితాన్ని వాళ్లకు చూపించే ధైర్యం తనకున్నదా అని మొట్టమొదటిసారి ఆలోచించింది.