అమ్మ వద్దన్న వైద్యం

చికిత్స మొదలుకావాల్సిన రోజున ఆస్పత్రి నుంచి యెతెర్‌కు ఫోన్ వచ్చింది.

"చిన్నప్పుడు మీకు మూర్ఛ వచ్చేదటగా? ఫారంలో రాయలేదేం? మూర్ఛ ఉన్నవాళ్లకు మేం ఇది చెయ్యం. మీ పేరు కొట్టేస్తున్నాం."

"మూర్ఛా? నాకా? ఎవరండీ చెప్పింది?"

"మీ అమ్మగారే. పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్లారు."

యెతెర్ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. లోపల అమ్మ సబీహా తాపీగా గ్లాసుల్లో టీ పోస్తోంది. కూతురికి ఇష్టమని నువ్వులద్దిన సిమిత్ రొట్టె కూడా తెచ్చింది.

యెతెర్‌ది టర్కీలోని ఇజ్మీర్ ఊళ్లో, తపాలా ఆఫీసులో ఉద్యోగం. ముప్పై ఏడేళ్లు. ఇంట్లో నాలుగో ఆడపిల్ల. పేరుకు అర్థం 'చాలు' అని. అప్పట్లో అలాంటి పేర్లవాళ్లు వీధికి ఇద్దరుండేవారు.

ఎనిమిదేళ్లుగా ఆమెకు ఒళ్లంతా నొప్పులు. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోవాలన్నా ఏడుపొచ్చేది. రక్తపరీక్షల్లో ఏమీ కనబడదు. డాక్టర్లు ఫైబ్రోమయాల్జియా అన్నారు. మొగుడు బద్ధకం అన్నాడు, విడాకులిచ్చి మరీ అన్నాడు. ఆఫీసులో నాటకం అన్నారు.

నమ్మింది అమ్మ ఒక్కతే. సాయంత్రం ఆలివ్ నూనె వెచ్చచేసి భుజాలు పట్టేది. తల తనే దువ్వేది, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. "వాళ్లవి మొరటు చేతులే" అనేది. అక్కలు కుళ్లుకునేవాళ్లు. "మేం సవతి పిల్లలం, ఇది మాత్రం గాజుబొమ్మ!"

అయస్కాంత చికిత్స గురించి చెప్పింది డాక్టర్ త్యూలిన్. తల మీద ఒక తీగచుట్ట ఆనించి, అయస్కాంతపు తాకిళ్లు మెదడుకు పంపుతారు. కోత లేదు, మత్తు లేదు. రోజుకు ఇరవై నిమిషాలు, మూడు వారాలు. అందరికీ గుణమిస్తుందని మాటివ్వలేను గానీ కొందరికి బాగా తగ్గింది, అంది. యెతెర్ ఆర్నెల్లు వరసలో ఎదురుచూసింది. ఆఫీసులో సెలవులన్నీ అయిపోయాయి. ఇదీ పనిచెయ్యకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"నాకు మూర్ఛ ఎప్పుడొచ్చింది?"

సబీహా చక్కెర కలుపుతూనే ఉంది.

"వేడినీళ్ల ఊటలకు తీసుకెళ్తాను తల్లీ. ఎన్నాళ్లయినా అక్కడే ఉందాం. ఆ యంత్రం మాత్రం వద్దు."

"ఎందుకొద్దో చెప్పు."

"తలతో ఆటలేమిటే? అమ్మను, వద్దంటున్నాను."

"నేను బాగుపడితే నీకేం పోతుందమ్మా? జీవితాంతం నీ పక్కన కూర్చుని మూలగాలా? ఆయన నమ్మలేదంటే సరే, పరాయివాడు. నువ్వు కూడానా?"

కంచే చేను మేసినట్టయింది యెతెర్‌కు. ఇన్నేళ్లూ భుజాలు పట్టింది ప్రేమతో కాదేమో, కట్టిపడేసుకోవడానికేమో అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా ఏడుపొచ్చింది. బట్టలు సర్దుకుని పెద్దక్క ఇంటికి వెళ్లిపోయింది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మూర్ఛ లేదని రుజువు చేసుకోవడానికి తలకు తీగలు అంటించుకుని పరీక్ష చేయించుకుంది. ఏ దోషమూ లేదని తేలింది. త్యూలిన్ ఆమె పేరు మళ్లీ ఎక్కించింది.

మంగళవారం పదింటికి యెతెర్ కుర్చీలో కూర్చుంది. నర్సు చెవిపోగులు, జడపిన్నులు తీయించింది. "అయస్కాంతం కదమ్మా, దగ్గర్లో ఇనుము ఉండకూడదు."

అప్పుడే తలుపు తోసుకుని సబీహా లోపలికి వచ్చింది. ఆయాసపడుతూనే అరిచింది.

"ఆపండి! ముందు దీని తలకి ఎక్స్‌రే తీయండి!"

"పెద్దమ్మా, మొన్న మూర్ఛన్నారు, ఇవాళ ఇంకోటా?" అని విసుక్కుంది త్యూలిన్.

"అమ్మా, నా పరువు తీయకు. వెళ్లిపో. నాకు అమ్మ లేదనుకుంటాను."

"అనుకో తల్లీ. ఆ ఎక్స్‌రే తీయించుకున్నాక అనుకో."

ఆ మాట అన్న తీరు చూసి త్యూలిన్ ఇంకేమీ అడగలేదు. చీటీ రాసి కింద అంతస్తుకు పంపింది.

అరగంటలో బొమ్మ తెర మీదికి వచ్చింది. త్యూలిన్ నర్సును బయటికి పంపి తలుపు వేసింది. పుర్రె లోపల, నడినెత్తి కింద, సన్నటి తెల్లటి గీత ఉంది.

"కుట్టుసూది," అంది. "మాడు మెత్తగా ఉన్న పసికందుకు తప్ప ఇలా దిగదు. దీని మీద అయస్కాంతం పెట్టి ఉంటే ఏమయ్యేదో!"

యెతెర్ చాలాసేపు ఆ గీతనే చూసింది. తర్వాత లేచి వెళ్లి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నానమ్మ పనే కదూ? నాలుగోది కూడా ఆడపిల్లేనా అని నిన్ను పురిటిమంచం మీదే తిట్టిందటగా? ఆవిడ పరువు పోతుందని ఇన్నేళ్లు నోరు మూసుకున్నావా? నన్ను కాపాడడానికి వస్తే నిన్ను ఎంతెంత మాటలన్నానమ్మా!"

సబీహా మెల్లగా చేతులు విడిపించుకుంది.

"మీ నానమ్మ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాగబట్టి బతికావు తల్లీ, గుచ్చింది నేను."