ఒకటో ప్రతివాది

కిటికీలోంచి ఫారం వెనక్కి వచ్చింది.

"ఎవరి మీద ఫిర్యాదో రాయలేదు. గోడ మీదా?" అన్నాడు లోపలి గుమాస్తా.

అతను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "ఇంటర్వ్యూ చేసినవాళ్లు ముగ్గురున్నారండీ. ముగ్గురి మీదా."

"అయితే ముగ్గురినీ రాయండి. పేర్లు తెలియకపోతే కుర్చీల వరస చెప్పండి, మేం కనుక్కుంటాం. ఎక్కువ తప్పు ఎవరిదో వాళ్లని ముందు రాయాలి. ఒకటో ప్రతివాదిని విచారణ అయ్యేదాకా తన ఆఫీసు గడప తొక్కనివ్వరు. నలభై అయిదు రోజుల గడువు ఇవాళ్టితో సరి. అయిదింటికి కిటికీ మూసేస్తాను. తరవాత నన్నేమనుకున్నా లాభం లేదు."

ఇంకా పావుగంట ఉంది.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. అక్క ఒళ్లో సంచి, సంచి మీద ఫారం.

అతనికి చిన్నప్పటి నుంచీ నత్తి. ప్రభుత్వ రికార్డు గదిలో సహాయకుడి ఉద్యోగానికి రాతపరీక్ష రాస్తే రెండో ర్యాంకు వచ్చింది. ఇంటర్వ్యూ తరవాత మాత్రం ఒక కాగితం వచ్చింది. మాట స్పష్టంగా లేనందున ఎంపిక చేయలేదని అందులో ఒక్క వాక్యం.

"అక్కడ కూర్చునేది ఫైళ్లతో. అవేమన్నా ఎదురు ప్రశ్నలు వేస్తాయా?" అని ఆ రోజు నుంచీ అంటూనే ఉంది అక్క. కుట్టుమిషను తొక్కుతున్నా అదే మాట.

"చెప్పరా, ముందెవరిని రాయను?"

అతనికి తెలియనిది సరిగ్గా అదే. ఇన్నాళ్లుగా మనసులో ఆ ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లి చూసుకుంటూనే ఉన్నాడు. వెళ్లిన ప్రతిసారీ తికమకే.

మధ్య కుర్చీలో పెద్దాయన నవ్వుతూ మంచినీళ్లిచ్చాడు. కంగారుపడకు బాబూ అంటూ, అతను మొదలుపెట్టిన ప్రతి మాటా తనే పూర్తి చేశాడు. పక్కనున్నావిడ, "పాపం, కష్టపెట్టకండి, ఇక చాలు" అంది. ఇద్దరూ మంచిగానే మాట్లాడారు. మంచిగా మాట్లాడినవాళ్ల మీద ఏమని రాయాలి?

చివరి కుర్చీలో మందపాటి కళ్లద్దాలాయన మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. చేతిగడియారం చూడటం, కాగితం మీద ఏదో గీకడం, మళ్లీ గడియారం చూడటం. అతను లేచి నమస్కారం పెడితే ఊరికే తలూపాడు.

అయినా, అతను ఒక మాట కోసం తంటాలు పడుతున్నప్పుడు ఆయన అందుకోలేదు. అది మర్యాదో, లెక్కలేనితనమో.

"చివరి కుర్చీ ఆయన... గ... గడియారం..."

"గడియారం చూసుకున్నాడా? నువ్వు మాట్లాడుతుంటేనే?"

"ఊఁ. కానీ ఆ... ఆయనొక్కడే..."

"ఆయనొక్కడే నిన్ను మనిషిలా చూడలేదు. అంతేగా?"

అతను చెయ్యెత్తాడు. ఆయనొక్కడే నా మాటకి అడ్డు రాలేదక్కా, అనాలి. మొదటి అక్షరం గొంతులోనే కూర్చుంది. లోపల గుమాస్తా కిటికీ రెక్క ఒకటి వేసేశాడు.

అక్క కళ్లల్లో నీళ్లు. ఇరవై ఆరేళ్లుగా, అతను వెతుక్కునే మాటల్ని ముందే తెచ్చి చేతికిస్తున్న అక్క.

చెయ్యి దించేశాడు.

ఒకటో ప్రతివాది, అని రాసింది అక్క. చివరి కుర్చీ, మందపాటి కళ్లద్దాలు.

నాలుగు నెలల తరవాత విచారణాధికారిణి ఇద్దరినీ తన గదికి పిలిపించింది.

"కేసు మీ వైపే తేలింది. వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరండి."

అక్క కుర్చీలోంచి సగం లేచింది. "చల్లగా ఉండాలి మేడం మీరు. ఆ కళ్లద్దాలాయనకి శిక్ష పడిందా?"

"మిగతా ఇద్దరికీ పడుతుంది." అధికారిణి ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. "మీ కేసు నిలబడింది దీని మీద. ఇంటర్వ్యూ రోజునే రాసి ఫైల్లో పెట్టారు. మాట ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇరవై నిమిషాలివ్వాలని నియమం. వినండి. 'ఇచ్చింది ఆరు నిమిషాలు. అందులో అభ్యర్థిని మాట్లాడనిచ్చింది ఒకటిన్నర నిమిషం. మిగతాదంతా మావాళ్లే మాట్లాడారు. ఈ నిర్ణయానికి నేను ఒప్పుకోను.' కింద సంతకం."

"ఎవరిదండీ?"

"మీ ఒకటో ప్రతివాదిది."

అక్క మొహంలో రంగు పోయింది. "మరి మాతో ఒక్క మాట చెప్పొచ్చుగా ఆయన?"

"ప్రతివాది ఫిర్యాదుదారుతో మాట్లాడకూడదమ్మా. పాటించారు. ఆఫీసుకి రావద్దంటే రాలేదు. ఆ మధ్యలోనే రిటైరైపోయారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు, పోయి రండి అన్నవాళ్లు కూడా లేరు."

అధికారిణి కాగితం మళ్లీ ఫైల్లో పెట్టింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఆ... ఆయన..." అన్నాడు అతను.

అక్క నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"ఆయన... న... నన్ను ఒక్క ప్ర... ప్రశ్న కూడా ఎందుకడగలేదు?"

"నేనూ అదే అడిగాను" అంది అధికారిణి. "మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, ఆ ఒక్క జవాబు చెప్పడానికి ఆయనకి మీకన్నా ఎక్కువసేపు పట్టింది."